మీకు తెలుసా? కుందేలు అరికాలికి మెత్త ఉండదు

కుక్కకీ పిల్లికీ అరికాలి కింద మెత్తటి దళసరి చర్మం ఉంటుంది. కుందేలుకు అది లేదు, ఒత్తుగా పెరిగిన బొచ్చే దాని రక్షణ. ఇనుప జాలీ మీద నెలల తరబడి కూర్చుంటే మడమ దగ్గర ఆ బొచ్చు రాలి, చర్మం ఎర్రబడి పుండవుతుంది. ముదిరితే ఎముకదాకా పాకుతుంది. జాలీ అయితే పెంటికలు కిందికి రాలిపోయి శుభ్రంగా ఉంటుంది కదా అంటారు. కానీ ఆ లెక్క మాంసానికి పెంచే కుందేలుకే చెల్లుతుంది, అది బతికేది కొన్ని నెలలే. ఇంట్లోది ఎనిమిది, పదేళ్లు బతకాలి. పైగా కుందేలు తనంతట తానే ఒక మూల ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది. ఆ మూలన వెడల్పాటి ట్రే పెట్టి, అడుగున కాగితపు గుళికలు, పైన ఎండుగడ్డి వేస్తే గడ్డి నములుతూనే పని కానిస్తుంది.

ఇక ఫ్లాట్లలో చిక్కంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్‌తో. ఎండాకాలంలో చల్లగా ఉంటాయన్నది నిజమే, కానీ వాటి మీద కాళ్లు జారి పక్కలకు పోతాయి. అందుకే కొంత టైల్ ఖాళీగా వదిలి, మిగతా చోట రంగు వేయని తుంగచాప పరవండి, కొరికినా ఫర్వాలేదు. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే లిట్టర్ మాత్రం వద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది, కుందేలు వాంతి చేసుకోలేదు. ఘాటు వాసన వచ్చే దేవదారు పొట్టూ వద్దు, అది కాలేయానికి చేటు. వారానికోసారి పాదాలు తిప్పి చూడండి. బొచ్చు పోయి చర్మం ఎర్రగా కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించండి.