పిల్లలు తగ్గితే చదువు తగ్గినట్టేనా?

జూన్ వస్తే చిన్న పట్టణాల్లో రెండు ప్రచారాలు ఎదురుపడతాయి. కూడళ్లలో ప్రైవేటు బడుల ర్యాంకుల ఫ్లెక్సీలు ఒకవైపు, బడిబాట కరపత్రాలతో ఇల్లిల్లూ తిరిగే సర్కారు బడి టీచర్లు మరోవైపు. ‘మీ బడిలో పిల్లలే లేరట కదా సార్’ అని ఏ తల్లో అంటే ఆ టీచరుకు జవాబు చెప్పడం కష్టమే. ఆ మాట వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: చదువు బాగోలేకే పిల్లలు తగ్గారు.

వాస్తవం: చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. పిల్లల లెక్కను బట్టే టీచరు పోస్టులు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లే. అంటే ఐదు తరగతులకు ఇద్దరు. ఒకరు ట్రైనింగుకో, ఎన్నికల డ్యూటీకో వెళ్తే మిగిలిన ఒక్కరే ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించాలి, ఐదో తరగతికి భిన్నాలు చెప్పాలి, మధ్యలో మధ్యాహ్న భోజనం చూసుకోవాలి. ఇది గమనించిన తల్లిదండ్రులు పిల్లల్ని తీసేస్తారు. వచ్చే రేషనలైజేషన్‌లో, అంటే పోస్టుల సర్దుబాటులో, ఇంకో పోస్టు పోతుంది. తప్పంతా టీచరు మీద వేయడం అన్యాయం.

అపోహ: ప్రైవేటులో వేస్తే చదువు బాగుపడుతుంది.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008 నుంచి నాలుగేళ్లు దీన్ని పరీక్షించారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ గెలిచినవాళ్లకూ గెలవనివాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు చాలా తక్కువ ఖర్చుతో ఇది సాధించాయని కూడా తేలింది, దాన్ని దాచకూడదు. అయితే అక్కడి టీచర్ల జీతాలు చాలా తక్కువని కూడా చెప్పాలి.

అపోహ: సర్కారు బడికి ఇక జనం రారు.

వాస్తవం: సిద్దిపేట ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సీట్లు లేవని బోర్డు పెట్టాల్సి వచ్చింది. నమ్మకం కుదిరితే జనం వస్తారు.

అపోహ: పాత బడి టీసీ ఇవ్వకపోతే సర్కారు బడిలో చేర్చుకోరు.

వాస్తవం: ఫీజు బాకీ వల్ల టీసీ ఆగిన ఇళ్లకు ఇది ముఖ్యం. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ఎనిమిదో తరగతి వరకు ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. హెడ్మాస్టర్ కాదంటే మండల విద్యాధికారికి కాగితం రాసివ్వండి.