కృత్రిమ మేధ కాలానికి మన డిగ్రీ చదువులు సరిపోతాయా?

అమృతలూరు: ఇంటర్ ఫలితాలు వెలువడగానే డెల్టా పల్లెల్లో మొదలయ్యే చర్చ ఒక్కటే. కంప్యూటర్ సైన్స్‌లో సీటు వస్తుందా, రాదా? ఎకరమో అరెకరమో అమ్మి ఫీజులు కట్టే తల్లిదండ్రులకు ఇన్నాళ్లూ ఆ సీటే భరోసా. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ భరోసా కొంత సడలింది. కొత్తగా చేరిన ఉద్యోగికి కంపెనీలు తొలి ఏడాది అప్పగించే చిన్న ప్రోగ్రాములు, పరీక్షలు, నివేదికలను యంత్రం నిమిషాల్లో సిద్ధం చేస్తోంది. మరి విశ్వవిద్యాలయాలు ఏం నేర్పాలి?

అమృతలూరు మండలం 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. చదువుల దారులు మాత్రం మారలేదు. డిగ్రీకి తెనాలి, రేపల్లె. ఇంజినీరింగుకు, వ్యవసాయ విద్యకు బాపట్ల. పీజీకి 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం. ఈ మార్పు ప్రభావం ముందుగా పడేది ఇక్కడి తరగతి గదులపైనే.

యంత్రానికి తెలిసిందెంత?

ఇలాంటి యంత్రం అపారమైన రాతలను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతుంది. అందుకే ధారాళంగా రాస్తుంది. అదే ధారాళంతో తప్పు కూడా చెబుతుంది. బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ 5204 గురించి అడిగితే పది పేరాలు ఇవ్వగలదు. మురుగు పోని ఫలానా పొలంలో ఆ వరి వేయవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం ఆ చేను ఎరిగిన మనిషి కావాలి. జవాబు రాబట్టడం కంటే, వచ్చిన జవాబును నిగ్గుతేల్చడమే ఇకపై అసలు చదువు. దానికి గణాంకశాస్త్రం, తర్కం, సొంత సబ్జెక్టుపై పట్టు తప్పనిసరి.

దేవనకొండ అనుభవం

ఇందుకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే తేదీని సెల్‌ఫోన్ సందేశాల ద్వారా తెలుగులో సూచించాయి. 30 ఏళ్ల వాతావరణ వివరాలను కృత్రిమ మేధ విశ్లేషించింది. తొందరపడకుండా జూన్ చివరి వరకు ఆగి విత్తిన రైతులకు హెక్టారుకు సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఇందులో ప్రోగ్రాము రాసినవారి పాత్ర ఎంతో, నేల, పంట ఎరిగినవారి పాత్ర, రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలవారి పాత్ర కూడా అంతే. కాబట్టి అందరినీ కృత్రిమ మేధ కోర్సులో కూర్చోబెట్టడం పరిష్కారం కాదు. వ్యవసాయం, వాణిజ్యం, చరిత్ర చదివేవారికి కూడా ఒకటి రెండు సెమిస్టర్లపాటు గణాంకాలను చదవడం, ప్రశ్నించడం నేర్పితే ప్రయోజనం ఎక్కువ.

తెలుగు విద్యార్థులకూ ఇందులో చోటుంది. ఇంటర్నెట్‌లో తెలుగు రాతలు తక్కువ కావడంతో యంత్రాల తెలుగు ఇంకా తడబడుతూనే ఉంది. కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి వంటి పథకాలకు మాండలికాలు, వ్యావహారిక పదాలు తెలిసినవారు అవసరం.

రికార్డు పుస్తకాల సంగతి

పరీక్షల తీరు మారకుండా సిలబస్ ఒక్కటే మార్చితే ఫలితం ఉండదు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని జూనియర్ రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడు సీనియర్ అవసరం కూడా లేకుండా పోయింది, అంతే. మార్కులను రాతకే పరిమితం చేయకుండా, రాసినదాన్ని అధ్యాపకుని ఎదుట వివరించమంటే ఎవరికెంత తెలుసో తేలిపోతుంది. మౌఖిక పరీక్షను మొక్కుబడిగా కాక నిజంగా నిర్వహించాలంటే అధ్యాపకుల ఖాళీలు భర్తీ కావాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా ఆ నెలలను వరి మిల్లు లెక్కల్లోనో, సహకార సంఘం రుణ ఖాతాల్లోనో, పంచాయతీ రికార్డుల్లోనో గడిపితే ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేని అనుభవం దక్కుతుంది.

అందుబాటులో ఉన్నవి

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికపై పాఠాలు ఉచితం. పరీక్ష రాసి ధ్రువపత్రం పొందాలంటే స్వల్ప రుసుము ఉంటుంది. సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లను ఈ కోర్సుల ద్వారా పొందేందుకు యూజీసీ 2021లో అనుమతించింది. ఐఐటీ మద్రాసు 2020 నుంచి డేటా సైన్స్ డిగ్రీని ఆన్‌లైన్‌లో నడుపుతోంది. దీనికి జేఈఈ ర్యాంకు అవసరం లేదు. అర్హత పరీక్ష నెగ్గితే, వేరే కళాశాలలో డిగ్రీ చదువుతూనే ఇందులో చేరవచ్చు. ఐఐటీ హైదరాబాద్ 2019లోనే కృత్రిమ మేధలో బీటెక్ ప్రారంభించింది. 'స్వయం' కోర్సుల్లో వేటికి తమ కళాశాల క్రెడిట్లు కలుపుతుందో చేరకముందే ప్రిన్సిపల్ కార్యాలయంలో తెలుసుకోవాలి.