నీటిపై ప్రదర్శనశాల

ప్రదర్శనశాలలోని వస్తువును కాపాడుటకు మనము మొదట చేయు పని దానికి తడి తగులకుండ చూచుట. తాళపత్రమైనను, లోహవిగ్రహమైనను పొడి గదిలోనే భద్రముగా నుండును. కాని నీటిమీదనే ఉంచి కాపాడవలసిన వస్తువులును కొన్ని గలవు. అవి పాత ఓడలు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవున నున్న సముద్రయాన జాతీయ చారిత్రకోద్యానము ఇట్టి ఓడలను సేకరించి కాపాడుచున్నది. వానిలో రెండు ముఖ్యమైనవి. ‘బాల్‌క్లూథా’ 1886లో స్కాట్లండులోని గ్లాస్గోలో కట్టిన ఉక్కు ఓడ. తెరచాపలతో నడచు ఈ ఓడ దక్షిణ అమెరికా కొనయందలి హార్న్ అగ్రమును 17 మారులు చుట్టినది. ‘సి. ఏ. థేయర్’ 1895లో కాలిఫోర్నియాలో కట్టిన కొయ్య ఓడ. ఇది మొదట కలపను, పిదప ఉప్పుచేపలను మోసి, 1950 వరకు కాడ్ చేపల వేటలో పనిచేసినది.

వీనిని గట్టుకు చేర్చి నిలబెట్టరాదా? ఓడ తొలగించిన నీటి బరువెంతయో, నీరు ఓడను పైకి నెట్టు బలము అంత. ఇది ఆర్కిమిడీస్ సూత్రము. ఈ బలము ఓడ అడుగుభాగమంతటను వ్యాపించి యుండును. గట్టున దించినచో బరువంతయు కొద్ది దిమ్మెలపైననే పడును. అయితే నీటి ఆసరా కూడ అంతటను సమానము కాదు. ఓడ నడుము వెడల్పు, కొనలు సన్నము. అందుచే నడుమున నెట్టుడు ఎక్కువ, కొనలయందు తక్కువ. ఏండ్లు గడచినకొలది కొనలు క్రిందికి వ్రాలి, ఓడ తాబేటివీపు వలె వంగును. థేయర్ ఓడకును ఈ వంపు వచ్చినది.

కొయ్యకు ఉప్పునీటిలో మరొక శత్రువు గలదు. అది ఓడపురుగు. పేరునకు పురుగే గాని ఇది ఆలిచిప్పల వర్గమునకు చెందిన జీవి. చిన్న గుల్లలతో కొయ్యను తొలిచి సొరంగములు చేయును. 1919–1921 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతములో అనేక రేవుకట్టడములు దీనివలననే కూలినవి.

వింత యేమనగా, కొయ్యకు సముద్రజలము కంటె వాననీరు చెరుపు. కొయ్యను కుళ్లించు శిలీంధ్రములు ఉప్పులో పెరుగజాలవు; మంచినీటి తడిలో విజృంభించును. అందుచేతనే పూర్వము ఓడలు కట్టువారు కొయ్యల సందులలో ఉప్పు కూరెడివారు. 1915లో కట్టిన ‘వాపామా’ అను కొయ్య ఆవిరి ఓడను నీటినుండి తీసి ఒక బార్జిపై ఉంచిరి. అయినను కుళ్లు ఆగలేదు. 2013లో దానిని విప్పివేయవలసి వచ్చినది. థేయర్‌ను మాత్రము 2004–2007 మధ్య కొయ్యలలో ఎక్కువభాగము మార్చి నిలబెట్టిరి.

ఉక్కుకు శత్రువు తుప్పు. ఉప్పునీరు విద్యుద్వాహకము కనుక అందులో ఇనుము త్వరగా అయానులుగా మారి కరగును. ఇనుము కంటె చురుకైన జింకు దిమ్మెలను ఓడకు తగిలించినచో, ముందు జింకు కరగి ఇనుమును కాచును. ఈ విధమైన రక్షణను 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులపై పరీక్షించెను. దీనిని తరగతిలోనే చూపవచ్చును. రెండు ఇనుప మేకులలో ఒకదానికి మాత్రము జింకు రేకు గట్టిగా చుట్టి, రెంటిని వేరువేరు గాజుగ్లాసులలోని ఉప్పునీటిలో ఉంచుడు. కొద్ది దినములలో భేదము కనబడును.

మన దేశమునకును ఇట్టి అనుభవము గలదు. 1961 నుండి 1997 వరకు నౌకాదళములో పనిచేసిన విమానవాహక నౌక విక్రాంత్ ముంబయిలో తేలియాడు ప్రదర్శనశాలగా నుండెను. భద్రత చాలక 2012లో దానిని మూసివేసిరి. 2014లో ముక్కలు చేయుట మొదలైనది. విశాఖపట్టణమున కుర్సురా జలాంతర్గామిని 2002లో ఒడ్డున నిలిపిరి. సముద్రపు ఒత్తిడికి ఓర్చునట్లు కట్టిన దాని ఉక్కుదేహమునకు గట్టుమీద నిలుచుట కష్టము కాదు. కాని ఉప్పుగాలి తెచ్చు తుప్పు అక్కడను తప్పదు.

కనుక ఓడను కొని తెచ్చి నిలుపుటతో ప్రదర్శనశాల పని ముగియదు. మరమ్మతు ఆగిననాడే ఓడ ఆయువు తీరనారంభించును.