కీళ్లవాతమునకు కదలికయే చికిత్సయా?

పుత్తూరు కట్టును ఎరుగనివారు చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో అరుదు. విరిగిన ఎముకకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, కదలకుండ కట్టుట ఆ వైద్యపు పద్ధతి. ఎముక అతుకుటకు నిశ్చలత అవసరము. ఈ అనుభవము వలననే కాబోలు, కీలు నొచ్చిన ప్రతివారికిని "కదల్పవద్దు" అని చెప్పుట మనకు అలవాటైనది. కాని రుమటాయిడ్ కీళ్లవాతము ఎముక విరుపు కాదు. ఈ భేదమును విద్యార్థులకు వివరింపవలెనని మేము తలంచితిమి.

శరీరమును కాపాడవలసిన రోగనిరోధక శక్తియే పొరబడి స్వంత అవయవములపై దాడి చేసినచో దానిని ఆటోఇమ్యూన్ వ్యాధి అందురు. రుమటాయిడ్ వాతములో కీలు లోపలి పొర వాచి, మృదులాస్థిని, ఎముకను క్రమముగా తినివేయును. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికము. తెల్లవారగానే చేతివేళ్లు చాలసేపు బిగిసియుండుట, రెండు చేతుల కీళ్లును వాచుట ముఖ్య లక్షణములు.

పూర్వము వైద్యులు ఇట్టి రోగులకు వారముల తరబడి మంచమున విశ్రాంతి విధించెడివారు. దానివలన కండరములు క్షీణించి, కీళ్లు మరింత బిగిసెడివి. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు కదలినపుడు అది స్పాంజివలె నొక్కబడి, విడువబడి, కీలులోని ద్రవమునుండి పోషణమును గ్రహించును. మితమై, లయబద్ధమైన ఒత్తిడి వాపును కలిగించు పదార్థములను తగ్గించుననియు, మితిమీరినది పెంచుననియు ప్రయోగశాలలలో కనుగొనిరి.

యూనానీ వైద్యములో మర్దనమును 'దల్క్' అనియు, వ్యాయామమును 'రియాజత్' అనియు అందురు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా గట్టి మర్దనమునకు, మెత్తని మర్దనమునకు, మితమైన మర్దనమునకు వేర్వేరు ఫలితములను చెప్పియున్నాడు. మోతాదును బట్టియే గుణము అను ఈ సూత్రము నేటికిని ఆదరణీయమే.

అయితే మర్దన, వ్యాయామములు నొప్పిని, బిగువును తగ్గించునే గాని ఎముకను తినివేయు దాడిని ఆపజాలవు. అందులకు మందు కావలెను. వానిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమిది. దీనిని వైద్యుని సలహాపై వారమునకు ఒక్కమారే తీసికొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భవతులు వాడరాదు. వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించు ఒక పరికరమునకు 2025లో అమెరికాలో అనుమతి లభించినది; అదియు ఇతర ఔషధములు ఫలింపని, లేక సరిపడని వారికే.

మరియొక హెచ్చరిక. ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచిన కీలును బలముగా పిసుకరాదు. ఈ వ్యాధిలో మెడ ఎముకల కట్టు సడలియుండవచ్చును. కనుక క్షౌరశాలలో వేడుకగా మెడ విరిపించుకొనుట ఇట్టివారికి మిక్కిలి ప్రమాదకరము. వాపు తగ్గిన పిమ్మట ఫిజియోథెరపీ నిపుణుడు చూపిన రీతిగా వేళ్లను, మణికట్లను దినమునకు కొంతసేపు ఆడించుట, నడచుట మేలు.

తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులు కలవు. కొరవడినది సకాలములో వెళ్లుటయే. మన ఇండ్లలో తల్లులు నొప్పిని వయసుపై నెట్టి, పిండి కలుపుచునే యుందురు. కీలు ఒకసారి వంకరపోయినచో మందుతో తిరిగి రాదు. కావున విద్యార్థులారా, రేపు ఉదయము మీ అమ్మగారు పిడికిలి బిగింపగలుగుచున్నారో లేదో ఒక్కసారి అడిగి చూడుడు.