స్టిక్కర్ కాదు, అతుకు చూడండి

స్నూకర్ పిచ్చి ఉన్న మా రూమ్మేట్ కొత్త క్యూ కోసం మెస్ డబ్బులు కూడా పక్కన పెట్టాడు. 'హ్యాండ్‌మేడ్' అని రాసి ఉంటే చాలు, ధర రెండింతలు. ఆ మాట నిజమో కాదో కర్ర చూసి తెలుసుకోవచ్చా? చాలావరకు తెలుసుకోవచ్చు. దానికి మన ఫస్టియర్ ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ సరిపోతుంది.

క్యూ ముందు భాగం యాష్ లేదా మేపుల్ చెక్క. పట్టుకునే వైపు బరువు కోసం ఎబొనీ లాంటి నల్లటి గట్టి చెక్క కలుపుతారు. చేత్తో చేసేవాళ్లు యాష్ కర్ర అడుగును నాలుగు వైపులా ఏటవాలుగా చెక్కి, ఒక్కో ముఖానికి ఒక్కో ఎబొనీ ముక్క జిగురుతో అతికిస్తారు. ఆరాక చిత్రిక పట్టి గుండ్రంగా తెస్తారు. సిలిండర్‌ని ఏటవాలు తలంతో కోస్తే ఏమొస్తుంది? దీర్ఘవృత్తం. అందుకే ఆ అతుకు గీత వంపు తిరిగి, మొన నున్నగా గుండ్రంగా కనబడుతుంది. మిషన్ మీద రెండు చెక్కలకూ పళ్లు కోసి ఒకదాన్లో ఒకటి దూరిస్తే మొనలు సూదుల్లా ఉంటాయి. అతుకే లేకుండా రంగో స్టిక్కరో వేసినవీ ఉన్నాయి. నల్ల భాగంలో చెక్క పోగు అసలు కనబడకపోతే అనుమానించాల్సిందే.

అయితే చేత్తో చేసిందల్లా మంచిది కాదు. మాది భద్రాచలం దారిలో అడవి అంచు ఊరు. గొడ్డలికి కామ వేసేవాళ్లు ముందు పోగు చూస్తారు. అడ్డం తిరిగిన చోటే కర్ర విరుగుతుంది. క్యూకీ అదే సూత్రం. ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూడండి, వంకర తెలుస్తుంది.

ఖరీదైనదే గొప్పదనీ కాదు. స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది చిన్నప్పుడు కొన్న చవక క్యూతోనే. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్లీ ప్రపంచ టైటిల్ గెలవలేదు. కారణం అదొక్కటే అనలేం గానీ, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన కర్రకు ధర కట్టలేమని మాత్రం ఒప్పుకోవాలి.

మరి హ్యాండ్‌మేడ్‌కి ఎక్కువ ఎందుకివ్వాలి? వేసవిలో మావాళ్లు బీడీల కోసం కోసే తునికాకు చెట్టుకీ ఎబొనీకీ చుట్టరికం ఉంది. రెండూ డయాస్పైరోస్ జాతే. తునికిని ఇంగ్లీషులో కోరమాండల్ ఎబొనీ అంటారు. ఆకు ఏటా వస్తుంది, నల్ల చేవ పట్టడానికి మాత్రం ఏళ్లకేళ్లు కావాలి. అలాంటి చెక్కను పాడుచేయకుండా అతికే చేతికి కూలి గిట్టాలి కదా! మొనలు సూదుల్లా ఉన్న క్యూ కూడా నిక్షేపంగా ఆడుకోవచ్చు. కాకపోతే దానికి మిషన్ ధరే ఇవ్వండి.