చెరువు చెప్పు సాక్ష్యము

కడపసీమలోని పోరుమామిళ్ల చెరువునొద్ద క్రీ. శ. 1369 నాటి శిలాశాసన మొకటి కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించి, ఆ వృత్తాంతమును సంస్కృతమున చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు పనిచేయగా రెండేండ్లకు కట్టడము ముగిసినదని అందు వ్రాయబడియున్నది. చెరువునకు వలసిన పండ్రెండు సాధనములును, వర్జింపదగిన ఆఱు దోషములును అందే చెప్పబడినవి.

ఆ దోషము లెవ్వియనగా: కట్టనుండి నీరు ఊటయై కాఱుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై సాగునేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు మిక్కుటమగుట. వీనిలో మూడవది రైతుసోదరులు గమనింపదగినది. మంటికిని నీటికిని చెందిన దోషముల నడుమ పొలిమేర తగవును గూడ చేర్చిన ఆ పెద్దలకు, చెరువు మనుష్యులవలన సైతము చెడునని తెలిసియుండుట స్పష్టము.

పర్యావరణ చరిత్రకారులని నేడు పిలువబడు విద్వాంసులు విచారించు విషయ మిట్టిదే. నేల, నీరు, అడవి మనుష్యుల బ్రతుకు నెట్లు మలచినవి? మనుష్యుల పన్నులు, పంటలు, తగవులు, ఒప్పందములు నేల నెట్లు మార్చినవి? ఈ రెండు ప్రశ్నలను వారు కలిపి యడుగుదురు. 1970 దశకమున అమెరికాలో ఈ శాస్త్రమునకు ప్రత్యేకమగు పేరును, సంఘమును ఏర్పడినవి. మనదేశమున మాధవ గాడ్గిల్, రామచంద్ర గుహ 1992లో ప్రకటించిన గ్రంథము ఈ మార్గమున ప్రసిద్ధము. కాకతీయుల కాలపు శాసనములను తావుల వారీగా, కాలముల వారీగా లెక్కించి, చెరువుల యండతో మెట్టసీమలకు సేద్యమెట్లు వ్యాపించెనో సింథియా టాల్బట్ 2001లో వివరించిరి.

వీరు ఏ యొక్క సాక్షిమీదను పూర్తిగా ఆధారపడరు. శాసనము దాత కీర్తిని చెప్పును. ఆ వేయిమంది కూలీలు ఎవరో చెప్పదు. 1821లో మరణించిన కాలిన్ మెకంజీ సేకరింపించిన కైఫియత్తులలో గ్రామముల పుట్టుక, చెరువులు, మాన్యములు గలవు. అయితే అవి చాలవఱకు కరణముల నోటినుండియు కవిలెలనుండియు వచ్చినవి గావున, కొందఱి హక్కు అందు బిగ్గరగా వినబడవచ్చును. రెవెన్యూ లెక్కలు శిస్తుపడు నేలను చక్కగా కొలుచును. పసుల మేతను అంత శ్రద్ధతో చూడవు. చెరువడుగున పొరలు పొరలుగా పేరిన పూడిక నాల్గవ సాక్షి. అందలి పుప్పొడిని సూక్ష్మదర్శినితో పరీక్షించినచో పూర్వము ఆ చుట్టుపట్ల ఏ చెట్లు, ఏ పైరులు పెరిగెనో తెలియును. వానిని నాటినదెవరో, నఱికినదెవరో తెలియదు.

చట్టములను సైతము వారు సాక్ష్యముగా చదువుదురు. చెన్నపట్టణపు రాజధానికై 1858లో చేయబడిన చట్టమొకటి, చెరువులకు కాలువలకు గ్రామస్థులు వాడుక చొప్పున చేయవలసిన పనిని చేయనివారినుండి సొమ్ము వసూలుచేయు అధికారమును కల్పించెను. వాడుక తనంతట సాగుచున్నచో చట్టముతో పనియేమి? నాటికి పలుచోట్ల ఉమ్మడిపాటు సడలెనని యూహించుట కిది యొక యాధారము. ఎందుచే సడలెనను విషయమున అభిప్రాయభేదములు కలవు. కొందఱు శిస్తుభారమును, మాన్యముల లోపమును చూపుదురు. తమిళదేశపు చెరువులనుగూర్చి 2003లో గ్రంథము ప్రకటించిన డేవిడ్ మోస్, ఆ పూర్వపు కట్టుబాట్లు పాలెగార్ల వంటి ప్రభువుల యధికారముతో పెనగొనియుండెనని చూపిరి. ఈ రెండవ మాటను మఱచి పూర్వకాలమంతయు స్వర్ణయుగమని పొగడుట మేలుగాదని మా యభిప్రాయము. ఉమ్మడిపని యనునపుడు ఎవరి చెమట, ఎవరి పంట యని అడుగుట న్యాయము.

ఈ విచారణ మనకేల యందురేమో. అలుగు ఎత్తెంత, చెరువు గర్భపు హద్దు ఎచ్చట, చివరి మడికి నీరు ఎన్నవ దినమున అందవలెను అను నేటి తగవులలో పెక్కు పూర్వపు వాడుకను గూర్చినవే. ఆంధ్రప్రదేశమున 1984లో కరణపు పదవి రద్దయినది. 1997 చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. వాడుక నెఱిగిన వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. వారితోడ సాక్ష్యమును పోవుచున్నది.

కావున ప్రతి సహకార సంఘమును తన చెరువునకొక పుస్తకము నుంచవలెనని కోరుచున్నాము. చెరువు నిండిన తేది, అలుగు పాఱిన దినములు, తూము తీసిన దినము, తీసిన పూడిక, అది చేరిన పొలము అందు వ్రాయవలెను. వృద్ధులు చెప్పు మాటలను, చెప్పినవారి పేరుతో కూడ ఎక్కింపవలెను. ఆయకట్టు రైతుల మాటయే కాక, గొఱ్ఱెల కాపరులు, బెస్తలు, కూలీలు చెప్పునదియు వ్రాయవలెను. మరమ్మతునకు వచ్చిన ప్రతి యొక్కరి పేరును తప్పక చేర్చవలెను. పోరుమామిళ్ల శిలపై చోటు దొరకని పేర్లకు మన పుస్తకములందు చోటుండుగాక.