పటంలో ఉన్న ఊళ్లు, లెక్కలో లేని మనుషులు

బంగ్లాదేశ్ ఉత్తర కొసన, భారత సరిహద్దుకు దగ్గర్లో, దహలా ఖగ్రాబారి అనే చిన్న కమతం ఉంది. రెండెకరాలకు తక్కువే. జనపనార పండే నేల. 2015 జూలై ఆఖరు దాకా అది భారతదేశపు భూమి. దాన్ని చుట్టుకుని ఉన్న ఊరు బంగ్లాదేశ్‌ది. ఆ ఊరిని చుట్టుకుని ఉన్నది మళ్లీ భారత భూమి. దాని చుట్టూ బంగ్లాదేశ్. ఆ పొలం నుంచి బయల్దేరిన మనిషి అసలు భారతదేశంలో అడుగుపెట్టాలంటే నాలుగుసార్లు అంతర్జాతీయ సరిహద్దు దాటాల్సి వచ్చేది. ఇన్ని పొరల లోపల చిక్కుకున్న నేల ప్రపంచంలో మరొకటి ఉండేది కాదు.

ఒక దేశపు భూమి పూర్తిగా మరో దేశం మధ్యలో ద్వీపంలా ఉంటే దాన్ని ఎన్‌క్లేవ్ అంటారు. బెంగాల్ వాళ్లు ఛిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ లోపల భారత్‌కు ఇలాంటివి 111, భారత్ లోపల బంగ్లాదేశ్‌కు 51 ఉండేవి. 2011లో రెండు దేశాలూ కలిసి జనాభా లెక్క తీస్తే వీటిలో 51 వేలమందికి పైగా తేలారు. ఇంతమంది దశాబ్దాలపాటు రెండు దేశాల మధ్య ఎలా ఇరుక్కుపోయారో తెలిస్తే రాజ్యం అంటే ఏమిటో, సరిహద్దు ఎందుకో స్పష్టంగా అర్థమవుతుంది.

రాజ్యానికి కావలసిన నాలుగు

1933లో అమెరికా ఖండాల దేశాలు ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. రాజ్యం అనిపించుకోవాలంటే నాలుగు ఉండాలని అందులో రాసుకున్నాయి: స్థిరంగా ఉండే జనం, ఫలానా అని చెప్పగల భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి. ఇప్పటికీ చర్చ ఇక్కడినుంచే మొదలవుతుంది.

జాతి సంగతి వేరు. భాష, చరిత్ర, కలిసి బతికిన జ్ఞాపకం వల్ల మేమంతా ఒకటి అనుకునే జనసమూహం జాతి. దానికి సొంత రాజ్యం ఉండాలనేం లేదు. కుర్దులు తుర్కియే, ఇరాన్, ఇరాక్, సిరియాల్లో విడివిడిగా బతుకుతున్నారు. బెంగాలీ మాట్లాడేవాళ్లు సరిహద్దుకు రెండువైపులా ఉన్నారు. ఛిట్‌మహల్‌ జనానికీ, వాళ్ల చుట్టుపక్కల ఊళ్ల జనానికీ మాటలో, పంటలో, సంతలో తేడా లేదు. తేడా అంతా ఏ ప్రభుత్వం రికార్డులో ఉన్నారన్న దగ్గరే.

సరిహద్దు ఒక్కరోజులో పుట్టదు. ముందు అధికారంలో ఉన్నవాళ్లు ఏది ఎవరిదో తేల్చుకుంటారు. తర్వాత దాన్ని కాగితం మీద మాటల్లో, పటంలో వివరిస్తారు. పొలం అమ్మేటప్పుడు దస్తావేజులో చతుర్హద్దులు రాసుకున్నట్టే ఇదీ. ఆ తర్వాత సర్వేవాళ్లు నేల మీద కొలిచి స్తంభాలు పాతుతారు. చివరిది, ఎప్పటికీ పూర్తికానిది, దాని నిర్వహణ: కాపలా, రాకపోకలు, సుంకాలు, తగాదాల పరిష్కారం. కాగితం పనికీ నేల పనికీ మధ్య దశాబ్దాలు గడిచిపోతే ఆ సందులో పడి నలిగేది అక్కడి రైతే.

ముక్కలు ఎలా పడ్డాయి

కూచ్‌బిహార్ రాజూ రంగపూర్‌లోని మొగలుల ఫౌజ్‌దారూ చదరంగం ఆడి ఊళ్లు పందెం కాశారనీ, అందుకే ఇన్ని ముక్కలయ్యాయనీ ఆ ప్రాంతంలో ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్ర మరోలా చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మొగలులకూ కూచ్‌బిహార్‌కూ మధ్య యుద్ధం ముగిసి సంధి కుదిరింది. కొన్ని పరగణాలు మొగలుల చేతికి వచ్చాయి. అయితే వాటి నడుమ కొందరు స్థానిక భూస్వాములు కూచ్‌బిహార్ రాజుకే శిస్తు కడుతూ ఉండిపోయారు. కూచ్‌బిహార్ లోపలా అలాగే కొన్ని భూములు మొగలుల పక్షాన నిలిచాయి. ఆ కాలంలో ఇదేమీ ఇబ్బంది కాలేదు. శిస్తు ఎవరికి కట్టాలన్నదే తేడా. ఎవరూ ఎవరినీ దారిలో ఆపి కాగితాలు అడిగేవారు కాదు.

బ్రిటిష్‌వాళ్ల కాలంలో రంగపూర్ వారి పాలనలో జిల్లా అయింది, కూచ్‌బిహార్ సంస్థానంగా మిగిలింది. 1947 జూలైలో లండన్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్‌ను పిలిపించి, పంజాబ్‌నూ బెంగాల్‌నూ విడదీసే గీత సుమారు ఐదు వారాల్లో గీయమన్నారు. ఆయన అంతకుముందు ఈ దేశం చూసినవాడు కాదు. ఆయన తీర్పు ఆగస్టు 17న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు బయటికి వచ్చింది. రంగపూర్ తూర్పు పాకిస్తాన్‌కు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌కు వెళ్లింది. సంస్థానమైన కూచ్‌బిహార్ ఆయన పరిధిలో లేదు. అది 1949లో భారత్‌లో విలీనమైంది. ఒకప్పటి శిస్తు తేడా అలా రెండు దేశాల మధ్య హద్దుగా మారింది. 1952లో ఈ సరిహద్దుకు పాస్‌పోర్టు, వీసా పద్ధతి రావడంతో ఆ ఊళ్ల తలుపులు మూసుకున్నాయి.

వీసా లేక పాస్‌పోర్టు లేదు, పాస్‌పోర్టు లేక వీసా లేదు

2015కు ముందు బంగ్లాదేశ్ మధ్యలో ఉన్న భారతీయ ఛిట్‌మహల్‌లో ఒక రైతు ఉన్నాడనుకోండి. చట్టం ప్రకారం అతను మన పౌరుడు. ఇల్లు దాటి పక్క ఊరి సంతకు వెళ్తే అది విదేశం, వీసా కావాలి. వీసాకు పాస్‌పోర్టు ఉండాలి. పాస్‌పోర్టు ఇచ్చే ఆఫీసు భారతదేశంలో ఉంది. అక్కడికి చేరాలంటే బంగ్లాదేశ్ దాటాలి, దానికి వీసా ఉండాలి. చట్టాన్ని గౌరవిస్తే గడప దాటలేడు. ఉప్పు కొనుక్కోవడానికి వెళ్లినా చట్టం దృష్టిలో నేరస్తుడే.

కరెంటు స్తంభాలు ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయేవి. పిల్లల్ని పక్క ఊరి బడిలో చేర్చడానికి అక్కడివాళ్లెవరినో తండ్రిగా రాయించేవారు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లిన ఆడవాళ్లు భర్త పేరు మార్చి చెప్పాల్సి వచ్చేది. కన్నతండ్రి పేరు కాగితం మీద చెప్పుకోలేని పిల్లలు అలా ఒక తరం తర్వాత ఒక తరం పెరిగారు. దొంగతనం జరిగినా, హత్య జరిగినా చుట్టూ ఉన్న దేశపు పోలీసులు అది తమ భూమి కాదనేవారు. సొంత దేశపు పోలీసులకు అక్కడికి దారి లేదు. మాంటెవిడియో జాబితాలో జనం ఉన్నారు, భూమి ఉంది. ప్రభుత్వం మాత్రం లేదు.

ఇంత ఆలస్యం ఎందుకు

ముక్కలు మార్చుకుందామన్న ఆలోచన కొత్తది కాదు. 1958లోనే నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ ఒప్పందం చేసుకున్నారు. అందులో భాగంగా జల్‌పాయ్‌గుడి జిల్లాలోని బేరుబారి ప్రాంతాన్ని పంచాల్సి రావడంతో రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగారు. దేశపు భూమిని మరో దేశానికి అప్పగించడానికి మామూలు చట్టం చాలదు, రాజ్యాంగాన్నే సవరించాలని కోర్టు 1960లో తేల్చింది.

ఈ తేడా తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణతో అర్థమవుతుంది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం మూడో అధికరణం కింద పార్లమెంటుకే ఉంది. సాధారణ మెజారిటీ చాలు. 2014లో తెలంగాణ అలాగే ఏర్పడింది. అదే ఏడాది పోలవరం ముంపు ప్రాంతంలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిందీ అలాగే. భద్రాచలం రాముడి గుడి తెలంగాణలో ఉంటే, ఆ దేవుడి మాన్యంలో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌లోని పురుషోత్తపట్నంలో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు జిల్లా కేంద్రం దూరమైన కష్టం నిజమే. అయినా వాళ్ల ఓటు, రేషన్, బడి పోలేదు. ఒక ప్రభుత్వం చేతినుంచి మరో ప్రభుత్వం చేతికి వెళ్లారు, మధ్యలో జారిపడలేదు.

బెంగాల్ సరిహద్దులో జారిపడినవాళ్లు చాలాకాలం ఎదురుచూశారు. 1974 మే 16న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ ఆ ఏడాదే తన రాజ్యాంగాన్ని సవరించుకుని ఆమోదించింది. మన దగ్గర అది నలభై ఏళ్లు ఆగింది. ఎదుటివాళ్లకు 17,160 ఎకరాలు ఇచ్చి 7,110 ఎకరాలు తీసుకోవడమేమిటి, పదివేల ఎకరాలు నష్టం కదా అన్న వాదన రాజకీయంగా బలంగా పనిచేసింది. కానీ ఆ పదివేల ఎకరాల్లో మన తహసీల్దారు అడుగుపెట్టింది లేదు, మన బడి నడిచింది లేదు. చేతిలో లేనిదాన్ని కోల్పోతామన్న భయంతో అక్కడి మనుషుల జీవితాలను తాకట్టు పెట్టాం. ఇది తప్పు, తప్పనే చెప్పాలి.

చివరికి 2015 మేలో వందో రాజ్యాంగ సవరణను ఉభయసభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. జూలై 31 అర్ధరాత్రి ముక్కలు చేతులు మారాయి. ఏ దేశ పౌరులుగా ఉంటారో ఎంచుకునే హక్కు జనానికే ఇచ్చారు. బంగ్లాదేశ్‌లోని భారతీయ ఛిట్‌మహల్‌లలో ఉన్న ముప్ఫై ఏడు వేలమందిలో భారత్‌కు వస్తామన్నది సుమారు వెయ్యిమందే. మిగిలినవాళ్లు పుట్టిన నేల మీదే ఉంటామన్నారు. భారత్ లోపలి 51 ముక్కలవాళ్లూ కదలలేదు, ఇక్కడి పౌరులయ్యారు. వచ్చినవాళ్లను కూచ్‌బిహార్ జిల్లా శిబిరాల్లో పెట్టారు. భూమి పట్టాల పని ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది.

గీత తప్పు కాదు

ముక్కలుగా ఉండటమే శాపమైతే యానాం సంగతేమిటి? సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఆ గోదావరి పట్టణం చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954లో ఫ్రెంచి పాలన పోయినా ఆ హద్దు అలాగే ఉంది. యానాం మనిషి కాకినాడ వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేదు. నెదర్లాండ్స్ లోపల బార్లె అనే ఊళ్లో బెల్జియం ముక్కలు 22 ఉన్నాయి. కొన్ని ఇళ్ల మధ్యలోంచే సరిహద్దు పోతుంది. అక్కడ వీధి తలుపు ఏ దేశంలో ఉంటే ఆ ఇల్లు ఆ దేశానిది. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటాయి, నీళ్లు, చెత్త, పోలీసు పని పంచుకుంటాయి. గీత వంకరగా ఉన్నా మనిషి బతుకు సాఫీగా ఉంది.

కనుక గీత తిన్నగా ఉందా వంకరగా ఉందా అన్నది రెండో ప్రశ్న. దానికి అటో ఇటో ఒక ప్రభుత్వం ఈ మనుషులు మావాళ్లు అని పూచీ పడుతోందా అన్నదే మొదటి ప్రశ్న. దేశభక్తి పేరుతో ఎకరాలు లెక్కపెట్టడం తేలిక. ఎకరాల మీద బతికే మనుషుల్ని లెక్కలోకి తీసుకోవడమే అసలైన దేశభక్తి.

ఇకముందు ఎక్కడ సరిహద్దు తగాదా వార్త చదివినా, ఎంత భూమి వచ్చింది, ఎంత పోయింది అని అడిగే ముందు ఒక్క మాట అడగండి: అక్కడ పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఎవరిస్తున్నారు? ఆ ప్రశ్నకు జవాబు దొరకని చోట పటం మార్చడానికి ఏ ప్రభుత్వమూ వెనుకాడకూడదు.